ఎవరు కొట్టమన్నారు

"జరిగింది జరిగినట్టు చెప్పెయ్యండి సార్," అన్నాడు అసిస్టెంట్ కోచ్, విలేకరుల గది తలుపుకు అడ్డంగా నిలబడి. "పెనాల్టీ కెప్టెన్ కొట్టాలని మీరు చెప్పారు. ఆ పిడుగుగాడు బంతి లాక్కుని ఆకాశంలోకి తన్నాడు. వరల్డ్ కప్పుకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఇందులో మీ తప్పేముంది?"

జాతీయ జట్టు కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. డ్రెస్సింగ్ రూములో పిడుగు నేల మీద ముడుచుకుని కూర్చున్నాడు. జట్టులో అందరికంటే వేగంగా పరిగెడతాడని అతనికా పేరు. చెవి దగ్గర ఫోను. అవతల భార్య ఏడుస్తోంది. ఇంటి మీద రాళ్లు పడుతున్నాయి. చంటిపిల్లను పట్టుకుని ఆమె స్నానాల గదిలో దాక్కుంది.

ఆ రాళ్ల చప్పుడు కోచ్‌కి కొత్త కాదు. తను ఆడే రోజుల్లో, ఒక ఫైనల్లో, కాలు తడబడి బంతిని సొంత గోల్లోకే తన్నేశాడు. ఆ సాయంత్రం గుమ్మంలోకి వెళ్లి జనానికి సర్దిచెప్పబోయిన నాన్న కణతకి రాయి తగిలింది. ఆయన మళ్లీ లేవలేదు. తర్వాత దేశం ఆ గోలు మర్చిపోయింది, పిలిచి కోచ్‌ని చేసింది. అతను మాత్రం ఏదీ మర్చిపోలేదు.

"తప్పు మీ మీద వేసుకుంటే ఉద్యోగం పోతుంది సార్. పోతే పోయింది, ఈ మచ్చ జన్మంతా మొయ్యాలి."

"మోసిన భుజాలే. తప్పుకో."

కెమెరాల ముందు కూర్చున్నాడు. "కెప్టెన్ని కాదని అతన్ని పెనాల్టీ కొట్టమన్నది నేనే. నా మాట విన్నాడు, అంతే. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి." రాజీనామా సంగతి కూడా అక్కడే చెప్పేశాడు.

బయటికి రాగానే పిడుగు ఎదురొచ్చి కోచ్ చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మీరెందుకు..."

"నోరు మూసుకుని ఇంటికెళ్లు. ముందు ఆ పిల్లని ఎత్తుకో."

జనం దారి మళ్లారు. కోచ్ ఇల్లు చేరేసరికి వీధి నిండా వాళ్లే. పోలీసులు అతన్ని పెరటి తలుపులోంచి లోపలికి తోశారు. భార్య కిటికీకి పరుపు అడ్డం పెడుతోంది. రెండో కొస పట్టుకోమని సైగ చేసింది.

"నిజంగా మీరే కొట్టమన్నారా?" అంది.

"లేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "మామయ్యగారు గుర్తొచ్చారా?"

తలూపాడు. ఆమె పరుపు సరిచేసింది.

అంతలో టీవీలో పిడుగు కనిపించాడు. సొంత గుమ్మంలో, పిల్లను భుజాన వేసుకుని, మైకుల మధ్య ఉన్నాడు. వీధిలో జనం కూడా ఫోన్లు తీసి చూస్తున్నట్టున్నారు. రాళ్లు ఆగాయి.

"నిజం చెప్పడానికే వచ్చాడండీ. ఎంతైనా మీ చేతుల్లో పెరిగినవాడు," అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ.

కోచ్ కంగారుగా లేచాడు. "వెర్రివాడు, మళ్లీ వాడి ఇంటి మీద పడతారు. ఫోనివ్వు, ఆపమని చెప్తాను."

టీవీలో పిడుగు జేబులోంచి ఫోను తీశాడు. ఎవరిదో చూసి, కట్ చేసి, మైకు దగ్గరికి జరిగాడు.

"నావల్ల కాదు, కెప్టెన్నే కొట్టనివ్వండని కాళ్లావేళ్లా పడ్డానండీ, ఆయన వింటేనా."