మనవాళ్ళకు తెరిచే గేటు

ఆస్పత్రి గేటుకు గొళ్ళెం పెట్టాడు వాచ్‌మన్.

లోపల అతని భార్యకు ఆపరేషన్ జరుగుతోంది. సెలవు దొరకలేదు. మనిషి గేటు దగ్గర, ప్రాణం థియేటరు దగ్గర.

చర్చి సంఘం వాళ్ళు వచ్చారు. ముందు సంఘపెద్ద, వెనక మరో నలుగురు.

"వందనాలు తమ్ముడూ. చెల్లెమ్మ కోసం ప్రార్థన చేద్దామని వచ్చాం."

"వందనాలన్నా." గొళ్ళెం తీశాడు.

గోడవార కూర్చున్న ముసలమ్మ ఊరుకోలేదు. "నాకు టైమయిపోయిందన్నావు. నీ గేటు మొహం చూసి తెరుచుకుంటుందా నాయనా?"

"వాళ్ళు మా విశ్వాసులు పెద్దమ్మా. మనవాళ్ళని మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు?"

అప్పుడే ఒకతను రొప్పుతూ వచ్చాడు. చొక్కా నిండా సున్నం మరకలు.

"లోపలికెళ్ళాలండి. ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు."

"రిపోర్టులు సాయంత్రం బెల్లు కొట్టాకే."

"రిపోర్టు కాదండి, నేను..."

"నీది ఏ సంఘం?"

"నాకు సంఘమేదీ లేదండి. గోడలకి సున్నం కొట్టుకునేవాణ్ణి. అర్జెంటుగా రమ్మన్నారు."

"ఇక్కడికి తీరిగ్గా ఎవరొస్తారయ్యా? అందరిదీ అర్జెంటే. రూలు రూలే."

"ఇప్పుడు వాళ్ళని పంపారుగా. ఒక్క మాట వినండి..."

"మాట పెంచకు. పోయి కూర్చో."

అతను ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాడు. వాచ్‌మన్ మొహం తిప్పుకున్నాడు. ఇక చేసేదిలేక ముసలమ్మ పక్కన చతికిలబడ్డాడు.

లోపల్నుంచి ప్రార్థన సన్నగా వినిపిస్తోంది. వాచ్‌మన్ గుండె కాస్త కుదుటపడింది.

బెల్లు కొట్టారు. గేటు తీయగానే అందరినీ తోసుకుంటూ ఆ సున్నంవాడు లోపలికి పరుగెత్తాడు.

అంతలో నర్సు వచ్చింది. "అన్నా, ఒకసారి లోపలికి రా."

థియేటరు బయట డాక్టరు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"రక్తం ఆగలేదయ్యా. ఆమెది అరుదైన గ్రూపు. ఒకాయన ఇస్తానని బయల్దేరాడు. ఎంతసేపు చూసినా రాలేదు. ఆమెను దక్కించుకోలేకపోయాం."

వాచ్‌మన్ గోడకు జారగిలబడ్డాడు.

సంఘపెద్ద అతని భుజం పట్టుకున్నాడు. "ఏం చేస్తాం తమ్ముడూ, బయటివాడు. మన విశ్వాసి అయ్యుంటే ఈపాటికి వచ్చి ఉండేవాడు."

వాచ్‌మన్ తలెత్తాడు.

ఎదురుగా ల్యాబ్ గుమ్మంలో, సున్నం మరకల చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకుంటూ ఆ మనిషి అడుగుతున్నాడు: "కాస్త ఆలస్యమైందమ్మా. ఎక్కడ పడుకోమంటారు?"