ఆఖరి స్టాపులో సూర్యుడు

"సూర్యుణ్ణి ఎందుకు మార్చారండీ? ఎవరు మార్చమన్నారు మిమ్మల్ని?"

ఫోన్లో ఆ గొంతు వినగానే శ్యామలాంబకి ఒళ్ళు మండింది. ముప్ఫై మూడేళ్ళు సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎంత పెంకి పిల్లాడైనా ఆవిడతో అలా మాట్లాడిన పాపాన పోలేదు.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ఉన్న ఆ రెండు గదుల ఆఫీసు ఆవిడ పాత శిష్యుడు సుకుమార్‌ది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం చూడబోయే తెలుగువాళ్ళ కోసం ఒక యాప్ చేశాడు. చెవిలో పెట్టుకుని నడుస్తూ ఒక్కో స్టాపు నొక్కితే పగిలిన గంట దగ్గర గంట కథ, ఇటుక ఇళ్ళ సందులో సందు కథ, పాత చర్చి దగ్గర చర్చి కథ చెబుతుంది. రాసిందీ చదివిందీ శ్యామలాంబే. ఆ ఊరు ఆవిడ చూడలేదు. పుస్తకాలూ మ్యాపులూ ముందేసుకుని ఆర్నెల్లు కూర్చుని రాసింది.

"నా పేరు ప్రేమానందం అండి. మీ యాప్ కొనుక్కున్నవాణ్ణి. ఆఖరి స్టాపు, నది ఒడ్డున బెంచీ. 'ఎదురుగా సూర్యుడు నదిలోకి దిగుతున్నాడు, ఆ వెచ్చదనం మీ మొహానికి తగులుతోంది' అని ఉండేది. నిన్న వింటే ఎండ వీపు మీద పడుతుందంటున్నారు. ఆ పాతదే పెట్టేయండి."

"పాతది తప్పండి."

ఆ మాట అనడానికే ఆవిడకి కష్టంగా ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ సాయంత్రం సూర్యుడు గోదావరిలోకి దిగడమే చూసింది. నది అనగానే చెయ్యి అలా రాసేసింది. తీరా అక్కడ నది ఊరికి తూర్పున ఉంది. అది పట్టుకుని ఎవరో నవ్వుతూ మెయిల్ పెట్టారు. మ్యాపు చూసుకుని సిగ్గుతో చచ్చిపోయి, ఆ పూటే మళ్ళీ రికార్డు చేసింది.

"తప్పో ఒప్పో మాకెందుకండీ? నేనూ మా అమ్మా రోజూ ఆ బెంచీ మీదే కూర్చుంటున్నాం. ఎదురుగానే దిగుతున్నాడు."

"తూర్పునా?"

"ఎదురుగా. నదిలో."

"ఏ దేశంలోనూ సూర్యుడు తూర్పున అస్తమించడండి. రెండో తరగతి పిల్లాణ్ణి అడగండి, చెబుతాడు."

"మీరు చూశారేంటి ఆ ఊరు? చూడలేదుగా. కుర్చీలో కూర్చుని మాకు పాఠాలు చెప్పకండి."

సుకుమార్ పక్కనుంచి గొణిగాడు. "పోనీ పాతదే పెట్టేద్దామండీ మేడమ్ గారూ. ఒక్క లైనేగా."

"నోర్ముయ్. ఒక్క లైనని నీ పరీక్ష పేపర్లోనే వదల్లేదు నేను. తప్పని తెలిశాక నా నోటితో చెప్పను. అంత కావాలంటే వేరే గొంతు పెట్టుకో. రేపట్నుంచి నేను రాను."

అవతల ప్రేమానందం కూడా ఆ మాట విన్నాడు. అతని కోపం రెట్టింపైంది.

"గొంతు మారిస్తే ఎలాగండీ? మా అమ్మ నా మాట నమ్మదు. మీ మాటే నమ్ముతుంది. చిన్నప్పుడు ఆవిడకి అక్షరాలు దిద్దించిన దొరసాని గారి ఊరది. ఎప్పటికైనా చూడాలని ఆవిడ ఆశ. హాయిగా చూసుకుంటోంది. మధ్యలో మీ సూర్యుడొచ్చి తగలడ్డాడు. నిన్న రాత్రి అన్నం కూడా ముట్టలేదు. త్వరగా తేల్చండి, ఇంకో అరగంటలో పొద్దు కుంకుతుంది."

శ్యామలాంబ గోడ గడియారం వైపు చూసింది. అయిదు. మనసులో పదిన్నర గంటలు తీసేసింది. పరీక్ష హాల్లో చీటీ దొరికినప్పుడు వచ్చే నవ్వే వచ్చింది ఆవిడ మొహంలోకి.

"ప్రేమానందం గారూ, ఇక్కడ సాయంత్రం అయిదైంది. అంటే అక్కడ తెల్లవారి ఆరున్నర. పైగా డిసెంబరు. ఇంకా సూర్యుడు ఉదయించనే లేదు. ఏ పొద్దండీ కుంకేది? ఎవర్ని మోసం చేద్దామని ఇదంతా?"

దొంగ దొరికాడనుకుంది శ్యామలాంబ. ఫోన్ పెట్టేయబోతుంటే, అవతల కాస్త దూరం నుంచి వణుకుతున్న ముసలి గొంతు వినిపించింది.

"ఒరే ఆనందం, ఎండ నా మొహం మీదే పడుతోంది. ఆ టీచరమ్మేమో వీపు మీదంటోంది. కళ్ళు లేనిదాన్నని ఏ ఊరు తీసుకొచ్చావురా నన్ను?"

అంతలో ఫోన్లో పెద్దగా మోత. గూడ్సు బండి వంతెన ఎక్కిన మోత. అదే మోత, అదే క్షణాన, శ్యామలాంబ వెనకున్న కిటికీలోంచి కూడా వినిపించింది.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. గోదావరి మీద రైలు కొవ్వూరు వైపు పోతోంది. అప్పటిదాకా ఉన్న కోపం ఎవరి మీద చూపించాలో ఆవిడకి తెలియలేదు. సుకుమార్ ఏంటండీ అని అడుగుతున్నా పట్టించుకోకుండా కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అమ్మగారికివ్వండి ఫోను," అంది.

గొంతు సవరించుకుని, రికార్డింగులో చదివినంత స్పష్టంగా, ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఏనాడూ చెప్పని పాఠం చెప్పింది.

"అమ్మా, మీరు ఫిలడెల్ఫియాలోనే ఉన్నారు. ఇప్పుడు వంతెన మీద వెళ్ళింది ఆ ఊరి రైలే. అక్కడ సూర్యుడు నదిలోకే దిగుతాడు. తప్పు చెప్పింది నేనే."