అరవై దాటిన అందం

లోరీన్‌కు లోకంలో ఎవరితోనూ పేచీ లేదు, ఒక్క ఓపల్ అత్తగారితో తప్ప. ఆడదన్నాక కాస్త వయసు దాచుకోవాలా వద్దా? లోరీన్ నలభై దగ్గర ఆగిపోయి చాలాకాలమైంది. మామగారు రెండో పెళ్లి చేసుకుని తెచ్చిన ఈ అత్తగారు మాత్రం, టెక్సస్ శాసనసభ గుమ్మంలో కాపలా పోలీసును కూడా వదల్లేదు.

"అరవై రెండు నాయనా! ఈ హైహీల్స్‌తో!"

అరవై దాటిన ఆడవాళ్ల అందాల పోటీలో ఆవిడదే కిరీటం. అందుకు సభ అభినందించాలంటూ లోరీన్ భర్త డ్వేన్ ఇవాళ తీర్మానం పెడుతున్నాడు. కొత్తగా నెగ్గిన సభ్యుడు. ఇదే మొదటి తీర్మానం. ఇది కాస్తా ఓడిందా, ఊళ్లో తలెత్తుకోలేడు.

"వీళ్లు పోటీ సంగతులన్నీ తవ్వుతారా ఏమిట్రా?" వేదిక పక్కన నిలబడి కిరీటం సర్దుకుంటూ అడిగింది ఓపల్.

"తవ్వడానికేముంది పిన్నీ? చప్పట్లు కొట్టి పంపిస్తారు."

డ్వేన్ చదవడం ముగించాడో లేదో, హాస్కెల్ అనే ముసలి సభ్యుడు మైకు ముందుకొచ్చాడు.

"అధ్యక్షా! ఈవిడను చూస్తుంటే అరవై దాటిందంటే నేను నమ్మను. మనల్ని మోసం చేస్తున్నారు!"

సభంతా బల్లలు చరిచింది. ఓట్ల బోర్డు మీద వరసగా 'వద్దు' అనే ఎర్ర దీపాలు వెలిగాయి. ఒక్కటే ఆకుపచ్చ, అది డ్వేన్‌ది. పాపం, అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

వేదిక పక్కన నిలబడ్డ లోరీన్ భర్త వైపు కదలబోయింది. హాస్కెల్ ఆమె పక్కకు వచ్చి కన్నుగీటాడు.

"కంగారుపడకు తల్లీ. కొత్తవాడి మొదటి తీర్మానానికి ముందుగా అందరం ఎరుపు నొక్కుతాం. కాసేపు ఏడిపించి పచ్చకు మార్చేస్తాం. నన్నూ ఇలాగే ఏడిపించారు."

"ఆ అరవై మాట?"

"ఎంత వయసొచ్చినా ఆడవాళ్లకు 'అంత కనబడరు' అనే మాట ముద్దు కదమ్మా!"

లోరీన్ గుండె కుదుటపడింది. ఈ సంగతి అత్తగారి చెవిన వేద్దామని తిరిగి చూస్తే, ఆవిడ అక్కడ లేదు. కొడుకును పక్కకు తోసి మైకు పట్టుకుంది. రెండో చేత్తో కిరీటం ఊడబెరుకుతోంది.

"ఆర్పండయ్యా ఆ దీపాలు! వాడినేం అనకండి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా... నాకు యాభై నాలుగే!"