మంచు మీద మడులు

చీకటి పడి అందరూ ఇళ్లకు వెళ్లాక, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో అనూరాధ ఒక్కతే కంప్యూటరు ముందు మిగిలింది. మనసు నిండుగా ఉంది. దక్షిణ ధ్రువంలో చీకటి నెలలు గడిచాక విమానంలో దిగబోయే పరిశోధకులకు గట్టి మంచున్న చోటు చూపే పని ఆమెదే. చీకట్లోనూ చూడగల ఉపగ్రహం ఆ చోటు బొమ్మ పంపింది.

మనిషన్నవాడు లేని ఆ మంచు మీద నాలుగు చదరాలున్నాయి, నౌపడలో తండ్రి కట్టే ఉప్పుమడుల్లా. పోయినసారి మూడే ఉన్నాయి.

తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, మడిగట్టు దానంతటదే లేస్తాదా?"

"ఏటమ్మా, మనిసి కాలెట్టి తొక్కకుండా గట్టెలగొస్తాది?" కూర్మయ్య నవ్వాడు. "అన్నం తిన్నావా?"

ఆ గొంతు వినగానే ధైర్యం వచ్చింది. దిగే చోటును రెండు వందల కిలోమీటర్ల అవతలికి, గీత కూడా లేని తెల్లటి మంచు మీదికి మార్చింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. హాయిగా ఇంటికెళ్లి నిద్రపోయింది.

పన్నెండు రోజులకు కొత్త బొమ్మ వచ్చింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పాత చోట మంచు నున్నగా ఉంది, ఒక్క చదరమూ లేదు. అనూరాధ సంతోషంగా కొత్త చోటు తెరిచింది.

అక్కడ ఐదున్నాయి.