మడ మొలక కొరకని పీతలు

అనగా అనగా సముద్రంలో, తీరానికి కాస్త దూరంలో ఒక చిన్న ఇసుకదిబ్బ. దాని మీద పీతలు కాపురముండేవి. వాటికి పెద్దదిక్కు గవ్వమ్మ. ఏటికేడు అలలు దిబ్బ అంచును కోసుకుపోతుంటే ఆమెకు కంటి మీద కునుకు లేదు. అలలకు అడ్డు నిలిచే మడచెట్లను అవతలి గట్టున గేదెలు మందలుగా మేసేస్తున్నాయి.

ఒకనాడు గవ్వమ్మ అందరినీ పిలిచింది. "ఇవాళ్టి నుంచి మనం మడ మొలకలు కొరకొద్దు. రాలిన ఆకుతోనే సరిపెట్టుకుందాం. బొరియలు కూడా మెరక మీదికి మార్చుకుందాం," అంది.

"గేదెలు అడవినే మింగుతుంటే మనం తినేదెంత, అత్తా?" అన్నాడు మేనల్లుడు ఇసుకయ్య.

"గోరంతే. కానీ మొలక నోట్లో పెట్టుకుని, మీరు తినొద్దని వాళ్ళకి ఏ మొహంతో చెప్పను?"

పీతలు ఒప్పుకున్నాయి. నీళ్ళు తగ్గిన వేళ గవ్వమ్మ పైకి తేలిన ఇసుకమేట మీదుగా అవతలి గట్టుకు నడిచివెళ్ళి గేదెలను బతిమాలింది.

"మీరు మానేశారా? మంచిదే. మేమూ ఆలోచిస్తాం," అంది మందపెద్ద, నెమరు ఆపకుండానే.

ఆ వానాకాలమే ఉప్పెన వచ్చింది. మెరకకు చేరిన పీతలు బతికాయి. పుట్టిన బొరియ విడిచి రానని పల్లంలోనే ఉండిపోయిన గవ్వమ్మ కన్నతల్లి కొట్టుకుపోయింది.

నీరు తీశాక గవ్వమ్మ కన్నీళ్ళతోనే బురదలో మొలకలు నాటింది. తరవాత ఇసుకమేట వైపు తిరిగింది.

"మళ్ళీ అడుగుతావా, అత్తా?" అన్నాడు ఇసుకయ్య.

"అడుగుతాను. అమ్మ పోయిందని చెప్పి అడుగుతాను."

ఆమె నడక మొదలుపెట్టింది. ఈసారి ఆమె వెనకాల దిబ్బంతా కదిలింది.