పెరిగిన గాజు

చంద్రమ్మ ఎడమచేతికి మూడో గాజు ఎక్కిస్తుంటే అది టప్పున రెండు ముక్కలైంది.

"పగిలింది," అంది తొడుగుతున్న ఆవిడ.

చంద్రమ్మ ముఖం మాడిపోయింది.

లాల్‌దర్వాజాలో గాజు పగలదు, పెరుగుతుంది. పెనిమిటి ఉన్న ఆడదాని చేతి మీద ఆ మాట ఎవరూ అనరు.

"పెరిగింది అనాలె. గాజులమ్ముకుంట గంత మాట తెల్వదా?"

"తప్పయింది అక్కా."

దుకాణం బాబురావుది. ఎప్పుడూ ఆయనే తొడుగుతాడు. ఇవాళ సరుకు కోసం వెళ్లాడట. ఆయన చోట కూర్చున్న ఈ కళ్లద్దాల ఆవిడను చంద్రమ్మ గాని, వెంట వచ్చిన కోడలు గాని ఇంతకుముందు చూడలేదు.

రెండు గాజులు వేయడానికే పావుగంట పట్టింది. ఇప్పుడు మూడోది వదిలేసి, మణికట్టు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏంది, నా చెయ్యి ఇయ్యవా?" అంది చంద్రమ్మ.

"నాడి సక్కగ లేదక్కా. ఉరుకుతుంది, ఆగుతుంది, మళ్ల ఉరుకుతుంది. ఎవరికన్న చూపెట్టుకున్నవా?"

కోడలు స్రవంతి నవ్వింది. గాజుల కోసం విప్పిన అత్తగారి స్మార్ట్‌వాచీ ఆమె చేతిలోనే ఉంది.

"ఇది గూడ గట్లనే అంటది. ఒకసారి యాభై ఎనిమిది, ఒకసారి నూట ముప్పై. అత్తమ్మ మణికట్టు మీద పచ్చబొట్టు ఉంది కద, దానికెళ్లి లైటు లోపలికి పోదంట. నెట్‌ల చూసిన."

"నిజమే. పచ్చబొట్టు మీద లెక్క తప్పుతది. కుడిచేతికి పెట్టి చూడు బిడ్డా."

"చూస్తం తీయ్."

"నా వేలికైతే పచ్చబొట్టు అడ్డం రాదు కద?"

చంద్రమ్మ చెయ్యి లాగేసుకుంది.

"ముందుగాల గాజులేసుడు నేర్చుకో. వైద్యం తర్వాత జేద్దువు. లే స్రవంతీ, శకునమే బాగలేదు."

"ఇయ్యాలనే చూపెట్టుండ్రి, ఆగకుండ్రి," అంది ఆవిడ వెనకనుంచి.

"ఆదివారం బోనం ఎత్తాలె. అది అయినంక చూస్తం," అంది స్రవంతి మర్యాదకి.

ఇంటికొచ్చి స్రవంతి వాచీని మళ్లీ అత్తగారి ఎడమచేతికే పెట్టింది. కుడిచేతితో అంట్లు తోముకోవాలి, తడుస్తుంది.

సాయంత్రం అది రెండుసార్లు గుర్రుమంది. గుండె లయ సరిగా లేదని అక్షరాలు వచ్చాయి.

"పచ్చబొట్టుతోని లొల్లి," అంటూ స్రవంతి ఆ హెచ్చరికలు రాకుండా ఆపేసింది.

ఆదివారం పొద్దున, పసుపు రాసి వేపమండలు కట్టిన బోనం కుండ దగ్గర చంద్రమ్మ వంగింది. కుడిచెయ్యి కుండను పట్టుకుంది. ఎడమచెయ్యి లేవలేదు. మూతి పక్కకు తిరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు అంతా విన్నాడు. వాచీ అడిగి తీసుకుని చంద్రమ్మ కుడిచేతికి పెట్టాడు.

అరవై ఒకటి. నూట ఇరవై ఎనిమిది. డెబ్బై.

"పచ్చబొట్టు సంగతి నిజమేనమ్మా. కాని గుండె లయ కూడా నిజంగానే తప్పింది. అట్లా తప్పినప్పుడు గుండెలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోయింది. నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే మందులతో ఆపగలిగేవాళ్లమేమో. ఇంకో చేతికి పెట్టి చూడమని మీకు ఎవరూ చెప్పలేదా?"

స్రవంతి వాచీ తీసుకుని, ఆపేసిన హెచ్చరికలు మళ్లీ వచ్చేలా పెట్టింది.

పన్నెండు రోజులకు చంద్రమ్మను ఇంటికి పంపారు. మాట ముద్దగా వస్తోంది. ఎడమచెయ్యి ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉంటోంది. ఆ చేతి గాజులు ఆసుపత్రిలోనే తీసేశారు.

మర్నాడు స్రవంతి గాజుల దుకాణానికి వెళ్లింది. బాబురావు ఒక్కడే ఉన్నాడు.

"మొన్న ఈడ కూసున్నామె ఏది అన్నా?"

"మా అక్కనా? వాసవాంబక్క. వరంగల్ ఎల్లిపోయింది. ఏమైంది చెల్లె, నువ్వు గూడ తిట్టనీకె వచ్చినవా?"

"లేదన్నా. ఒక మాట చెప్పాల్సి ఉండె."

"మనసుల పెట్టుకోకు. నాకు మనిషి లేక ఆమెను కూసోబెట్టిన, నాదే తప్పు," అన్నాడు బాబురావు గాజుల కట్ట విప్పుతూ. "ముప్పై రెండేండ్లు గుండె వార్డుల నర్సమ్మ, మొన్ననే రిటైరయింది. చెయ్యి పట్టుకునుడే వచ్చు గాని, గాజులేసుడు ఆమెకు రాదు."