పాత పోర్టు

మెయిల్ సర్వరులో మెయిళ్లు బయటికి వెళ్లే దారి, అదే పాత పోర్టు, మూసేసి కొత్తది తెరిచిన పూటే, మావయ్యకి రాజీనామా మెయిల్ కొట్టాను. ఆయన కంపెనీలోనే పనిచేస్తూ ఆ ముక్క మొహం మీద చెప్పే దమ్ము నాకు లేదు.

మూడు రోజులుగా అందరి కంప్యూటర్లలో పోర్టు నంబరు మారుస్తున్నాను. మావయ్య మాత్రం ఉలకడు, పలకడు.

ఇవాళ వచ్చి భుజం తట్టాడు. "అందరి మెయిళ్లూ వెళ్తున్నాయిరా అల్లుడూ! ఇక ఈ సర్వర్ల గదికి నువ్వే దిక్కు."

"నా మెయిల్ చూశారా?"

"ఏ మెయిల్?"

నా సీటు దగ్గరికి పరిగెత్తాను. రాజీనామా అవుట్‌బాక్సులోనే పడి ఉంది. ఊరందరివీ మార్చాను గానీ, నా కంప్యూటర్లో ఇంకా పాత నంబరే.

మావయ్య వెనకాలే వచ్చి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కళ్లజోడు తేలేదు. ఏదీ, ఏం రాశావో నువ్వే చదివి వినిపించు."